ఎవరూ పోలేదు, ఫొటో తీస్తున్నాను

చచ్చిపోయినవాళ్ల కళ్లు తెరవడం నా పని. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను. అరవైల చివర్లో విజయనగరంలో మా నాన్నకు ఫొటో స్టూడియో ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా పోతే, పాడె కట్టకముందే ఒక మనిషి సైకిలు తొక్కుకుంటూ మా గుమ్మంలోకి వచ్చేవాడు. నాన్న కెమెరా పెట్టె పట్టుకుని బయలుదేరేవాడు. పోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా వెనకనుంచి పంచెతో కట్టి, బొట్టు పెట్టి, దండ వేసి ఫొటో తీయించుకోవడం అప్పట్లో మా వైపు మర్యాద. బతికినన్నాళ్లూ ఆ మనిషికి ఒక్క ఫొటో ఉండేది కాదు. తీయించుకుంటే ఆయుష్షు తగ్గిపోతుందని భయం, అంత సోకు మనకెందుకని సిగ్గు. పోయాక మాత్రం గోడ మీదకి ఒక బొమ్మ కావాలి.

ఆ బొమ్మలో కళ్లు మూసుకుని ఉంటే బాగోదు కదా, అందుకని ప్రింటు నా దగ్గరికి వచ్చేది. సన్న కుంచె, కాస్త నల్ల రంగు, కాస్త తెల్ల రంగు. మూసిన రెప్పల మీద నేను కళ్లు వేసేదాన్ని. ఇంటివాళ్లు వచ్చి చూసుకుని, "పిలిస్తే పలికీలాగున్నాడమ్మా మా అయ్య" అని బావురుమని, కాగితంలో చుట్టుకుని పట్టుకెళ్లేవాళ్లు. నా చేతికి ఆ వీధిలో మంచి పేరుండేది. ఏం పేరో, ఏం గొప్పో!

నేను మొట్టమొదట తెరిచిన కళ్లు మా అమ్మవి.

అమ్మ పోయేసరికి నేనింకా ఓణీల్లో ఉన్నాను. ఊరందరినీ ఫొటో తీసిన మా నాన్న తన భార్యని ఒక్కసారి కూడా కెమెరా ముందు నిలబెట్టలేదు. "ఇంట్లో మనిషేగా, ఎప్పుడైనా తీసుకోవచ్చు" అనేవాడు. ఆ ఎప్పుడైనా అన్నది ఆవిడ పోయిన రోజు పొద్దున్న వచ్చింది. అమ్మని కూడా కుర్చీలో కట్టారు. దినాలు అయ్యాక నాన్న ఆ ప్రింటు నా ముందు పెట్టి, కుంచె చేతికిచ్చి, ఒక్క మాట అన్నాడు. "కళ్లు తిన్నగా వెయ్యి."

ఎందుకన్నాడంటే, అమ్మకి ఎడమకన్ను మెల్ల. ఆవిడ చూస్తుంటే ఒక కన్ను మన మీద ఉండేది, ఇంకో కన్ను మన భుజం దాటి అవతలికి పోయేది. చిన్నప్పుడు నేను నా వెనక ఎవరో ఉన్నారనుకుని గిరుక్కున వెనక్కి తిరిగేదాన్నట. అమ్మ పడీ పడీ నవ్వేదట. ఆ కళ్లని నేను తిన్నగా వేశాను. వచ్చినవాళ్లంతా "మహాలక్ష్మిలా ఉంది" అన్నారు. అవును, మహాలక్ష్మిలాగే ఉంది. మా అమ్మలా మాత్రం లేదు. ఆ మహాలక్ష్మి మా ఇంట్లో గోడ మీద దండ వేసుకుని ఏళ్ల తరబడి కూర్చుంది.

తర్వాత కొన్నేళ్లకి మా అమ్మమ్మ వచ్చింది. అమ్మని కన్న తల్లి, కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లెలో ఉండేది. కూతురు లేని ఇంటి గడప తొక్కనని అన్నాళ్లూ పంతం పట్టిన మనిషి, ఎందుకో మనసు మెత్తబడి వచ్చింది. కాళ్లు కడుక్కుని లోపలికి వస్తూనే గోడ వైపు చూసి ఆగిపోయింది.

"ఇదెవులే?" అంది.

"అమ్మే కదా అమ్మమ్మా."

దగ్గరికి వెళ్లి మళ్లీ చూసింది. "నా కూతురా? కాదే. ఇది నా కూతురు కాదు. మీ అయ్య మల్లీ పెళ్లి గాని సేసుకున్నాడేటి?"

నాన్నకి తల కొట్టేసినట్టయింది. "ముసలామెకి చూపు ఆనడం లేదు" అని అవతలికి వెళ్లిపోయాడు. చూపు ఆనకపోవడమా! బియ్యంలో బెడ్డని గుమ్మంలోంచి పట్టేసే మనిషి. ఆ మెల్లకన్ను అమ్మకి వచ్చిందే ఈవిడనుంచి. కాకపోతే ఈవిడ దాన్ని ఎవరికీ చూపించేది కాదు. కొత్త కోడలిగా వెళ్లినప్పుడు అత్తగారు "శుభమా అని నలుగురు కూడిన చోట ఆ కన్ను పెట్టకు" అందట. అప్పటినుంచీ కొంగు ఎడమకన్ను మీదకి లాక్కుని తిరగడం అలవాటైపోయింది. అద్దం చూసేది కాదు. బొట్టు కూడా తడుముకుని పెట్టుకునేది.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. కన్నతల్లి కూతుర్ని గుర్తుపట్టలేదంటే, మా అమ్మ ఈ లోకంలో ఎక్కడ ఉన్నట్టు? ఎక్కడా లేదు. పొద్దున్నే లేచి కుంచె తీసుకెళ్లి నాన్న బల్ల మీద పడేశాను. "ఇంక నేను కళ్లు వెయ్యను" అన్నాను.

నాన్న ఒంటికాలి మీద లేచాడు. "వెయ్యనంటే? పోయినవాళ్ల ఇంటివాళ్లకి ఏం చెప్పమంటావు?"

"బతికుండగా తీయించుకోమని చెప్పు."

"బతికుండగా తీయించుకునేవాళ్లు కోటు తొడుక్కుని, పౌడరు రాసుకుని వచ్చి తీయించుకుంటూనే ఉన్నారుగా."

"వాళ్లు కాదు. పొలంలో ఉన్నవాళ్లు, పేడ ఎత్తేవాళ్లు, చేపలు మోసేవాళ్లు. వాళ్లెలా ఉంటారో అలాగే."

"పేడ ఎత్తేదాని ఫొటో ఎవడు గోడకి పెట్టుకుంటాడే? ఫిలిం ఎంత కష్టం మీద దొరుకుతోందో తెలుసా నీకు?" అని కసిరాడు నాన్న.

తెలుసు. తెలిసే అడిగాను. నాకు కావలసింది నిజానికి ఒక్క ఫొటో. మా అమ్మ కళ్లు ఈ భూమ్మీద ఇంకొక్క మొహంలోనే మిగిలాయి. ఆ మొహం అమ్మమ్మది. రేపు ఆవిడా పోతే ఆవిడనీ కుర్చీలో కడతారు, నేను కాకపోతే ఇంకెవరో ఒక కుంచె తీసి ఆ కళ్లు తిన్నగా దిద్దేస్తారు. అప్పుడిక మా అమ్మ పూర్తిగా పోయినట్టే. ఆ కన్నుని ఉన్నదున్నట్టుగా, తెరిచి ఉండగా, ప్రాణం ఉండగా ఫిలిం మీదకి ఎక్కించాలి. అంతే నా పట్టు.

దారి మా మావ రూపంలో వచ్చింది. అమ్మకి తమ్ముడు, సాలూరులో లారీ డ్రైవరు. సాలూరులో పుట్టినవాడికి స్టీరింగు పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదంటారు గానీ, మా మావ అక్కడ పుట్టకపోయినా అంతే. ఒక వేసవి పొద్దున్న చింతపండు బస్తాలు వేసుకుని విజయనగరం వచ్చి మా ఇంటి దగ్గర ఆగాడు. పలాసలో దించి, నౌపడలో ఉప్పు ఎత్తుకుని తిరిగి వస్తాడట. క్లీనరు జ్వరమొచ్చి సాలూరులో ఉండిపోయాడు, ఆ సీటు ఖాళీ.

"బావా, గుంటని నాతో పంపు. దార్లో మా అమ్మని సూసొస్తాది" అన్నాడు నాన్నతో. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

అమ్మమ్మని చూడ్డానికి కాబట్టి నాన్న సరేనన్నాడు. కెమెరా సంగతి నేను అడగలేదు. అడిగితే వద్దంటాడు. వద్దన్నాక తీసుకుంటే అది దొంగతనం. అడక్కుండా తీసుకుంటే మన ఇంట్లో మన వస్తువు. బీరువాలో ఉన్న ఒకే ఒక్క రోలు కెమెరాలో ఎక్కించుకుని, చీరల మడతల్లో పెట్టుకుని లారీ ఎక్కాను. ఊరు దాటాక సంచీ విప్పి చూపిస్తే మావ హారను కొట్టుకుంటూ నవ్వాడు. "ఒసే కోడలా, మీ అయ్య నా పీక నొక్కుతాడే!" అన్నాడు. లారీ మాత్రం ఆపలేదు.

పీక నొక్కితే నొక్కాడు గానీ, ఒకటి మాత్రం గుర్తుంచుకోమన్నాడు. ఆ రోజుల్లో కొండల వైపు నక్సలైట్ల గొడవలుగా ఉండేవి, పోలీసులు ప్రతి బండినీ సోదా చేసేవాళ్లు. చెక్‌పోస్టు కనిపిస్తే కెమెరా చీరల్లోకి పోవాలి. సరేనన్నాను.

నాన్న కెమెరా నడుము దగ్గర పెట్టుకుని, పైనుంచి గాజులోకి చూసుకునే రకం. అది నాకెంత కలిసొచ్చిందో చెప్పలేను. తల వంచుకుని నిలబడ్డ ఆడపిల్లని చూసి, సిగ్గుపడుతోంది కాబోలు అనుకునేవాళ్లు. నేను సిగ్గుపడడం లేదు, ఫోకస్ చేస్తున్నాను.

రామతీర్థం వైపునుంచి వెళ్లాం. కొండ దాటాక రోడ్డు పక్కన కళ్లంలో ఒకావిడ పెసలు తూర్పారబోస్తోంది. చాట పైకెత్తి పట్టుకుంది, పొట్టు గాలికి ఎగిరిపోతోంది, ఎండ దానిమీద పడుతోంది. "ఆపు మావా!" అని అరిచాను. లారీ కీచుమంటూ ఆగింది. నేను కెమెరాతో దిగేసరికి ఆవిడ చాట కింద పెట్టేసి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎవులు పోనారమ్మా?" అంది.

"ఎవరూ పోలేదు. ఫొటో తీస్తున్నాను."

"ఎవులూ పోకుండా పొటో ఏటి?" వెనక్కి తిరిగి, మంచం మీద కునుకు తీస్తున్న మొగుడిని లేపింది. "ఇదిగో, లెగు! పొటోలోలు వచ్చీసినారు. మనూర్లో ఎవులో పోనారట."

"ఎవరూ పోలేదమ్మా!"

"మరి పోబోతన్నారేటి?"

లారీలోంచి మావ నవ్వు వినిపిస్తోంది. నాకు ఒళ్లు మండింది. నువ్వు తూర్పారబోస్తుంటే బాగుంది, అందుకని తీస్తానంటే ఆవిడ నమ్మదే! చివరికి నమ్మాక పరుగెత్తుకుని ఇంట్లోకెళ్లి పెళ్లినాటి చీర కట్టుకొస్తానంది. వద్దన్నాను. "మాసిన కోకతోటా? నలుగురూ సూస్తే నవ్విపోరేటి?" అని నడుం మీద చెయ్యి వేసుకుని నాతో దెబ్బలాటకి దిగింది. ఆ దెబ్బలాడే మనిషిని నేను తల వంచుకుని గాజులో చూసుకున్నాను. జుట్టు నిండా పొట్టు, మొహం నిండా పౌరుషం. నొక్కాను. టక్కుమని చప్పుడైతే "అయిపోనాదా?" అని నోరు వెళ్లబెట్టింది.

అక్కడినుంచి ప్రతి చోటా అదే పాట. రణస్థలం దగ్గర గేదెల్ని తోలుకెళ్తున్న ముసలాయన తలపాగా తీసేసి చేతులు జోడించాడు, పోయినవాళ్లకి దణ్ణం పెడుతున్నాడట. నాగావళి ఒడ్డున బట్టలుతికేవాళ్లు పని ఆపి, ఏ వీధిలో శవం ఉందో ఒకర్నొకరు అడుక్కున్నారు. నాకు కోపం రాను రాను మొండితనంలోకి దిగింది. ఫొటో అంటే చావేనా? ఈ మనుషులకి బతికుండగా చూసుకునే హక్కు లేదా? ఎవరు అడిగినా ఒకటే జవాబు ఇచ్చుకుంటూ పోయాను. ఎవరూ పోలేదు, ఫొటో తీస్తున్నాను. ఎవరూ పోలేదు, ఫొటో తీస్తున్నాను.

శ్రీకాకుళం దాటాక టీ కోసం ఆగాం. బల్ల మీద కూర్చున్న ఒక పెద్దమనిషి నన్నూ కెమెరానూ ఎగాదిగా చూసి, నాకు వినపడేలాగే పక్కవాడితో అన్నాడు. "లారీ ఎక్కి ఊరేగతన్నాది. ఈ పిల్లకి అయ్య నేడేటి?"

"ఉన్నాడు. ఫొటోలు తీయడం నేర్పాడు, నోరు మూసుకోవడం నేర్పలేదు" అన్నాను.

మావ గ్లాసు ఖాళీ చేసి, "బేగి ఎక్కే తల్లీ, నా లారీకి గిరాకీ పోతాది" అని నన్ను లాక్కెళ్లాడు. లారీలో కూర్చున్నాక మాత్రం, "బాగా సెప్పినావు" అని భుజం తట్టాడు.

కోటబొమ్మాళి ఇంకా కాస్త దూరం ఉందనగా, సంత వైపు చేపల గంపతో నడిచిపోతున్న ఒకావిడ చెయ్యెత్తింది. మావ ఆపి ఎక్కించుకున్నాడు. నా పక్కనే కూర్చుంది. ఆవిడది సముద్రపు ఒడ్డు పల్లె. ఒళ్లో కెమెరా చూసి ఆవిడా అడిగింది, ఎవులు పోనారు అని. నేను నా జవాబు చెప్పేశాను. అందరిలా ఆశ్చర్యపోలేదు. కాసేపు ఆలోచించి, "బతికున్నోల్లని కూడా తీస్తారేటి?" అంది.

"నేను వాళ్లనే తీస్తాను."

"మా ఇంటోడు ఏటకెల్లి రాలేదు" అంది. "పడవ ఒక్కటే ఒడ్డుకొచ్చినాది. సముద్రం మనిసిని ఇవ్వకపోతే కుర్చీలో ఎవుల్ని కూకోబెడతారు? మాకు పొటో నేదు. ఇప్పుడు మొకం తలుసుకోవాలంటే నాకే తెలీదు. గొంతు ఇనిపిస్తాది, మొకం రాదు."

సంత దగ్గర దిగాక ఆవిడ తనంతట తనే గంప నెత్తికెత్తుకుని రోడ్డు మీద నిలబడింది. "తియ్యి. నాను ఎలగున్నానో అలగే తియ్యి. రేపు నన్ను తలుసుకోవాలంటే నా పిల్లలు తడుముకోకూడదు." కొంగు సర్దుకోలేదు, నవ్వలేదు. కెమెరా వైపు కళ్లార్పకుండా చూసింది. నేను లారీకి ఆనుకుని నొక్కాను. ఆ దారి పొడుగునా నేను అర్థం చెప్పక్కర్లేకుండా ఫొటో తీయనిచ్చిన మనిషి ఆవిడొక్కతే. ఇల్లెక్కడో అడిగి తెలుసుకున్నాను. తర్వాత ప్రింటు మావ చేత పంపించాను, అందిందని కబురు కూడా వచ్చింది.

తీరా చూసుకుంటే రోలులో ఇక ఒక్క బొమ్మే మిగిలింది. అది అమ్మమ్మది.

పల్లెకి వెళ్లే గట్టు దగ్గర లారీ ఆపి, టైరు చూసుకుని వస్తాను, నువ్వు పద అన్నాడు మావ. నేను కెమెరా మెడలో వేసుకుని గట్టు మీద నడిచాను. దూరంగా దున్నుకుంటున్న ఒకాయన నన్ను చూసి నాగలి ఆపేశాడు. విజయనగరం పొటోలాయన కూతురని గుర్తుపట్టినట్టున్నాడు. దార్లో అందరూ అడిగిన ప్రశ్న ఈయన అడగలేదు. ఎద్దుల్ని అక్కడే వదిలేసి, అడ్డదారిన ఊళ్లోకి పరుగు తీశాడు. నేను పట్టించుకోలేదు. నా ధ్యాసంతా అమ్మమ్మని ఎలా ఒప్పించాలన్న దాని మీదే ఉంది.

వీధి మొదట్లోకి వచ్చేసరికి ఏడుపులు వినిపించాయి.

అమ్మమ్మ ఇంటి ముందు జనం. అరుగు మీద అమ్మమ్మ తోటికోడలు, నాకు చిన్నమ్మమ్మ, జుట్టు విరబోసుకుని గుండెలు బాదుకుంటోంది. "ఓలప్పో! నన్నొగ్గీసి ఎల్లిపోనావేటే! ఇంక నాకు ఎవులున్నారే! ఆ ఇత్తడి బిందె నాకిస్తానన్నావు కదే అప్పో!"

పోయింది. అమ్మమ్మ పోయింది. నేను పెసలు తూర్పారబోసేదాంతో దెబ్బలాడుతూ, టీ కొట్టు దగ్గర పౌరుషాలు పోతూ దారి పొడుగునా ఆలస్యం చేశాను, ఆవిడ కళ్లు మూసేసింది. అమ్మ కళ్లు కూడా ఇంక లేవు. కెమెరా నా మెడలో వేలాడుతోంది, ఒక్క బొమ్మ మిగిలే ఉంది, జనం నన్ను చూసి దారి ఇస్తున్నారు, ఫొటో తీసే మనిషి వచ్చిందని. ఆ క్షణంలో ఒకటే నిర్ణయం చేసుకున్నాను. చంపినా నేను ఈ ఫొటో తీయను. అక్కడే మట్టిలో కూలబడి, నేనూ ఏడుపు మొదలుపెట్టాను.

అప్పుడు ఇంటి పక్క సందులోంచి, మోచేతుల దాకా పేడతో, అమ్మమ్మ వచ్చింది.

వెనక గోడకి పిడకలు కొట్టుకుంటోందట. ఏడుపులు విని వచ్చింది. మమ్మల్ని చూసింది. ఎవరేమిటని అడగలేదు. చావు ఇంట్లో మొదట ఏడవడం, తర్వాత అడగడం మా వైపు పద్ధతి. గబగబా వచ్చి తోటికోడలి పక్కన కూర్చుని, "ఓ నా తల్లో! ఎంత పని జరిగిపోనాదే!" అని గొంతెత్తింది.

వీధి వీధంతా ఒక్కసారిగా నోరు మూసుకుంది. అమ్మమ్మ ఒక్కతే ఏడుస్తోంది. కాసేపటికి ఎవరూ తోడు రావడం లేదని గమనించి, ముక్కు చీది, "ఎవులే పోనాది?" అని అడిగింది.

చిన్నమ్మమ్మ నోరు పెగుల్చుకుని, "నువ్వే అప్పా" అంది.

"నానా? నానెప్పుడు పోనానే?"

"పొటో గుంట వచ్చీసినాది కదే! ఊర్లో ముసిలోల్లం ఇద్దరమే. నానిక్కడే ఉన్నాను, మరి నువ్వే అనుకున్నాం."

అమ్మమ్మ లేచింది. ఆ లేవడం నేను చచ్చేదాకా మర్చిపోను. "ఒసే ముండా! నాను బతికుండగానే నా బిందె మీద పడినావేటే? ఇస్తాను ఉండు, నీ తాడు తెగ, ఆ బిందెతోటే నీ నెత్తి పగలగొడతాను!" పేడ చేతులు గాల్లో ఆడుతున్నాయి. కొంగు ఎప్పుడో జారిపోయింది. రెండు కళ్లూ నిప్పుల్లా తెరుచుకున్నాయి. ఒక కన్ను చిన్నమ్మమ్మ మీద, ఇంకో కన్ను ఆవిడ భుజం దాటి సరిగ్గా నా మీద. మా అమ్మ! నేను కెమెరా మూత తీసి తల వంచాను.

చూసేసింది. పేడ చేత్తోనే కొంగు లాక్కుని ఎడమకన్ను కప్పేసుకుంది. "ఆగవే! కన్ను కనబడతాది" అంది.

అంత కోపంలోనూ ఆ కొంగు మాత్రం గుర్తుంది! ఏనాడో పోయిన అత్తగారి మాట ఇంకా ఆ చేతిని లాగుతోంది. నాకు ఏడుపూ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఆ కన్ను కోసమే వచ్చాను అమ్మమ్మా" అన్నాను, వీధంతా వింటోందని తెలిసే. "మా ఇంట్లో ఫొటో చూసి ఇదెవులే అన్నావే, ఆ కళ్లు తిన్నగా దిద్దింది నేనే. దిద్దమంటే దిద్దాను. రేపు నీకూ దిద్దేస్తారు. వీళ్లంతా గోడ మీద ఎవరినో చూసి నువ్వనుకుని ఏడుస్తారు. ఇప్పుడు నువ్వు బతికుండగా ఏడ్చారు చూడు, అలాగే. అమ్మకి నీ కన్నే వచ్చింది. నువ్వు కప్పేసుకుంటే నాకింక అమ్మ ఎక్కడ దొరుకుతుంది?"

అమ్మమ్మ నన్ను చూసింది, తన కోసం ఏడ్చిన జనాన్ని చూసింది, చిన్నమ్మమ్మని చూసింది. ఆ తర్వాత కొంగు తీసి, చుట్టచుట్టి, బొడ్లో గట్టిగా దోపుకుంది.

"తియ్యి" అంది.

"అప్పా, నలుగుర్లో ఆ కన్ను..." అని చిన్నమ్మమ్మ ఏదో అనబోయింది.

"నోరుముయ్యి. ఈ కన్నుతోటే నిన్ను ఇన్నాల్లూ కాసినాను. సూడండి అందరూ, బాగా సూడండి. నాను సావనేదు." గడ్డం పైకెత్తి, పేడ చేతులు నడుం మీద పెట్టుకుని, కెమెరా వైపు తిరిగింది. నేను ఊపిరి బిగబట్టి నొక్కాను. రోలు అయిపోయింది.

ఆ తర్వాత పలాసా, నౌపడా అన్నీ చూశాను గానీ నాకు ఉప్పుమళ్లు తప్ప ఏమీ గుర్తులేవు. రోలుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తిరిగొచ్చాక నాన్న చేసిన గొడవ రాస్తే ఇంకో కథవుతుంది. నేను ఎదురు చెప్పకుండా చీకటిగదిలోకి వెళ్లి తలుపేసుకుని, రోలు కడిగాను. ఆరబెట్టిన నెగటివుల్ని నాన్న బల్బుకి ఎదురుగా పట్టుకుని ఒక్కొక్కటే చూశాడు.

"ఒకర్తి నోరు తెరుచుకుని ఉంది, ఒకడు తలపాగా తీసేశాడు. ఒక్కటీ తిన్నగా లేదు" అన్నాడు. అమ్మమ్మది వచ్చేసరికి ఆగాడు. ఆగి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, చెవి మీది రీటచింగు పెన్సిలు తీశాడు.

"ఆ కంటి మీద గీత పడిందంటే నేను ఈ ఇంట్లో ఉండను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. నాన్న నా మొహం చూసి, పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

పెద్ద సైజులో ప్రింటు తీశాను. స్టూడియో ముందు అద్దాల పెట్టెలో కోటు వేసుకున్న పెళ్లికొడుకులు, టోపీలు పెట్టుకున్న ఆఫీసర్లు ఉండేవాళ్లు. మధ్యలో ఉన్న ఆఫీసరుగారిని పక్కకి జరిపి, పేడ చేతుల అమ్మమ్మని పెట్టాను. రెండుసార్లు నాన్న తీసేశాడు, రెండుసార్లూ మళ్లీ పెట్టాను. మూడోసారి తీయలేదు. వీధిన పోయేవాళ్లు ఆగి చూసి, లోపలికి తొంగిచూసి, ఎవులు పోనారమ్మా అని అడిగేవాళ్లు. నా జవాబు మీకు తెలుసు.

మళ్లీ చింతపండు లోడు వచ్చినప్పుడు మావ లారీలో అమ్మమ్మ దిగింది. "నన్ను ఊరేగించినావట కదే, సూద్దామని వచ్చినాను" అంది. కొంగు కంటి మీద ఉంది. తిడుతుందనుకుని నేను కాస్త సిద్ధంగానే నిలబడ్డాను. నాన్న కూడా గుమ్మంలోకి వచ్చాడు.

అమ్మమ్మ అద్దాల పెట్టె ముందు ఆగింది. అద్దమెరగని మనిషి, తన మొహం తను ఎన్నాళ్ల తర్వాత చూసుకుంటోందో. చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపి అద్దం మీద పెట్టింది, చెంప నిమిరినట్టు నిమిరింది. "ఇదిగో" అంది. "ఇదీ నా కూతురు."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "అత్తా, అది నీ ఫొటోయే."

"నాకు తెల్దేటి? పేడ నాది, కోక నాది. కల్లు సూడు. కల్లు నా కూతురివి."

నాన్న దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఎన్నేళ్లు ఆ కళ్ల ముందు అన్నం తిన్న మనిషి! కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకోలేదు. అమ్మమ్మ కొంగు తీసేసి, ఆ కొంగుతోనే అద్దం మీది దుమ్ము తుడుస్తూ, ఏడుస్తోంది. సైకిలు మీద పోతున్న ఒకాయన ఫొటో షాపు ముందు ఏడుస్తున్న ముసలామెని చూసి, పాపం, కాలు కింద పెట్టాడు.

"ఎవులు పోనారమ్మా?" అన్నాడు.

అమ్మమ్మ రెండు కళ్లతోనూ అతని వైపు తిరిగింది.

"ఎవులూ పోనేదు" అంది.